విడిపోయినవాళ్లకే మొదటి స్థానం

కొత్తరేవులో పెళ్లికూతురు ఏడవకుండా అత్తారింటికి వెళ్లిందంటే, ఆ రోజు జక్కరయ్య జ్వరంతో పడుకున్నాడని అర్థం. అప్పగింతల వేళ అతను ట్రంపెట్ పెదవులకు ఆనించి ఒక్క గుక్క ఊదాడంటే, పెళ్లికూతురి సంగతి సరే, అంతదాకా వంటవాళ్లతో తగువు పెట్టుకున్న మగపెళ్లివారి మేనమామ కూడా కండువాతో కళ్లొత్తుకునేవాడు. అక్కడి నుంచి పాట అతని భార్య సాలోమి అందుకునేది. కరీముల్లాది క్లారినెట్. మోషేది డ్రమ్ము. ఊరందరినీ ఏడిపించి, ఆ నలుగురూ ఆటోలో ఇంటిదారి పట్టి, మధ్యలో బజ్జీల బండి దగ్గర ఆగి, ఎవరి వంతు ఎవరు తిన్నారని పోట్లాడుకునేవారు.

ఇతరుల ఎడబాట్లు వాళ్ల వృత్తి. తమ సంగతికొస్తే, పెళ్లయిన నాటినుంచి సాలోమి, జక్కరయ్య వేర్వేరు ఊళ్లలో పడుకున్నది లేదు. అతనికి కంటి ఆపరేషన్ అయినప్పుడు ఆడవాళ్లు ఉండకూడదని నర్సు కసిరితే, సాలోమి ఆసుపత్రి వరండాలో చాప పరుచుకుని, కిటికీలోంచి గంటకోసారి "ఉన్నావా" అని అడిగింది. "యాడికి పోతానే, కళ్లకి గంతలు కట్టారుగా" అన్నాడతను.

అలా వాళ్ల బతుకు సాగిపోతుండగా ప్రభుత్వం వాళ్లను గుర్తించింది.

గుర్తించినది రాష్ట్ర గీత విజయ సాధన సంస్థ. దాని సంచాలకులు పరాంకుశం గారు. ఆయన అంతకుముందు చేపల శాఖలో పనిచేశారు. రొయ్యల దిగుబడి పెంచిన చేతికి పాటల దిగుబడి పెంచడం ఒక లెక్కా అని పైవాళ్లు ఆయన్ను ఇటు మార్చారు. ఆయన రాగానే అధ్యయనం నిమిత్తం వేల్స్ వెళ్లివచ్చారు. వేల్స్ అంటే ఇంగ్లండు పక్కనున్న చిన్న దేశం. అక్కడ కొండలు, వాన, గొర్రెలు ఉంటాయి. వాటి తర్వాత మనుషులు. ఆ మనుషుల్లో నలుగురు కలిసి ఒకప్పుడు 'ద వెట్ చాపెల్స్' అని ఒక రాక్ బ్యాండు పెట్టారు. వాళ్ల మొదటి రికార్డు ఎవరూ కొనలేదు. ఆ తర్వాత గిటారు వాయించేవాడు మిగతావాళ్లతో చెడి, కొండమీదికి పోయి గొర్రెలు కాసుకున్నాడు. మిగిలిన ముగ్గురూ ఆ దిగులులో, వాన పడుతున్న ఒక పాత పశువుల కొట్టంలో కూర్చుని పాడిన రికార్డు, అమ్మకాల లెక్క చూసి వారం వారం పాటలకు వరస కట్టే ఆ దేశపు చార్టులో మొదటి స్థానానికి వెళ్లి, దిగమంటే దిగలేదు.

ఈ కథ విన్న మామూలు మనిషి అయ్యో పాపం అనుకుని ఊరుకుంటాడు. పరాంకుశం గారు దాన్ని మార్గదర్శకాలుగా మార్చారు.

కొత్తరేవు మండల కార్యాలయంలో సమావేశం పెట్టి, గోడకు ఒక పెద్ద పటం తగిలించి, బెత్తంతో చూపిస్తూ ఆయన ఇలా సెలవిచ్చారు:

"సంగీత విజయం అనునది యాదృచ్ఛికం కాదు. అది దశలవారీ ప్రక్రియ. మొదటి దశ, పరాజయం. రెండవ దశ, సభ్యుని నిష్క్రమణ. మూడవ దశ, పశువుల కొట్టం. నాల్గవ దశ, వర్షం. ఐదవ దశ, ప్రథమ స్థానం. ఆరవ దశ, పునస్సమాగమం. ఈ క్రమాన్ని అనుసరించిన ఏ బ్యాండైనా విజయం సాధించి తీరాలి. సాధించనిచో సంజాయిషీ కోరబడుతుంది."

"పునస్సమాగమం అంటే ఏంది సార్?" అని మోషే అడిగాడు.

"విడిపోయిన వాళ్లు మళ్లీ కలవడం."

"మేం కలిసే ఉన్నాంగా సార్."

"అదే మీ లోపం," అన్నారు పరాంకుశం గారు.

లోపం దిద్దుకోమని వదిలేస్తే బాగానే ఉండేది. కానీ ఇకమీదట సంస్థ గుర్తింపు కార్డు లేని బ్యాండు ఊరేగింపులో వాయిస్తే పోలీసులు వాయిద్యాలు పట్టుకుపోతారు. తీసుకున్న కార్డు నిలవాలంటే ఆరు దశలూ దాటాలి. మధ్యలో ఒకరు నియమం తప్పినా నలుగురి కార్డులూ రద్దు. కరీముల్లాకు క్లారినెట్ తప్ప వేరే పని రాదు. మోషేకు డ్రమ్ము కొట్టడం కూడా అంతంతమాత్రమే. నలుగురూ సంతకాలు పెట్టి కార్డులు తీసుకున్నారు. కార్డు మీద తన ఫొటో బాగా పడిందని జక్కరయ్య రెండు రోజులు జేబులోంచి తీసి చూసుకున్నాడు.

మొదటి రికార్డు ఓడిపోవాలి. వాళ్లకు ఓడిపోవడం చేతకాలేదు. ఎప్పుడూ వాయించే అప్పగింతల పాటనే వాయించి ఇచ్చారు. అది ఆటోల్లోకి ఎక్కింది. చేపల మార్కెట్లో బుట్టలు దించుతూ ఆడవాళ్లు పాడుకోవడం మొదలుపెట్టారు. మంగలి షాపులో గడ్డం సగం గీయించుకున్న మనిషి పాట అయిపోయేదాకా మిగతా సగం గీయొద్దన్నాడట.

మూడో వారం సంస్థ జీపు వచ్చి ఇంటిముందు ఆగింది. అందులోంచి దిగినవాడు పర్యవేక్షకుడు త్రివిక్రమం. చేతిలో కాగితం.

"మీ పాట ప్రజాదరణ పొందుచున్నట్లు సంస్థ దృష్టికి వచ్చినది," అని చదివాడు. "పరాజయ దశలో ఉన్న బ్యాండు ప్రజాదరణ పొందుట క్రమశిక్షణా రాహిత్యం. ఇందుకు మీపై చర్య ఎందుకు తీసుకొనరాదో తెలుపవలెను."

"మేమేం చేశాం సార్? వినేవాళ్లు వింటే," అన్నాడు కరీముల్లా.

"ఎవరూ వినకుండా వాయించాలి."

"అట్టా వాయించడం మోషేకి బాగా వచ్చు సార్. ఈ తూరి వాణ్ని ముందు పెడతాం."

త్రివిక్రమం నవ్వలేదు. ఆ సాయంత్రం నుంచే ఆటోల్లో ఆ పాట వేస్తే జరిమానా అని బోర్డులు వెలిశాయి. నెల తిరిగేసరికి పాటను పూర్తిగా ఓడించారు. పరాంకుశం గారు ఫోన్ చేసి అభినందించారు కూడా.

ఇక రెండవ దశ, నిష్క్రమణ. ఎవరు వెళ్లాలో తేల్చడానికి పరాంకుశం గారే స్వయంగా వచ్చారు. సాలోమి కుర్చీ వేసింది. టీ పెట్టింది. ఆయన టీ తాగుతూ, ఒక్కొక్కరి పేరే చెప్పి, మిగతా ముగ్గురి ముఖాలు చూడసాగారు.

"మోషే గారు వెళ్లిపోయినచో?"

"చెవులకి సుఖం సార్," అన్నాడు జక్కరయ్య.

"కరీముల్లా గారు?"

"బజ్జీలు మిగుల్తయ్," అన్నాడు మోషే.

పరాంకుశం గారు పెదవి విరిచారు. శోకం చాలడం లేదు. "జక్కరయ్య గారు?"

ఈసారి ఎవరూ హాస్యమాడలేదు. సాలోమి టీ గ్లాసులు తీయడానికి వంగినట్టు వంగి, చెంగుతో ముఖం తుడుచుకుంది. అంతే, ఆయన గ్లాసు కింద పెట్టారు.

"నిర్ధారణ అయినది," అన్నారు.

ఆ రాత్రంతా సాలోమి తనను తాను తిట్టుకుంది. కళ్లలో నలుసు పడిందని అయినా అనలేకపోయానే అని. "ఆరో దశలో కలిపేస్తారంటగదే," అని జక్కరయ్య ఓదార్చాడు. "నాలుగు రోజులు గొర్రెలు కాసొస్తా. మన పెళ్లిళ్ల సీజను ఎట్టాగూ అయిపోయింది."

వేల్స్ గిటారు మనిషి గొర్రెలు కాశాడు కాబట్టి పశుసంవర్ధక శాఖవారు కనిగిరి అవతల ఒక గుట్ట మీద మంద ఏర్పాటు చేశారు. జీపు వచ్చింది. ఊరంతా వచ్చింది. జక్కరయ్య సంచీలో ట్రంపెట్ పెట్టుకోబోతే త్రివిక్రమం చెయ్యి అడ్డం పెట్టాడు.

"వాయిద్యం బ్యాండుకు చెందినది. నిష్క్రమించిన సభ్యుడు రిక్తహస్తాలతో నిష్క్రమించాలి. ఇకపై బ్యాండు సభ్యులతో మాట కానీ, ఉత్తరం కానీ, సైగ కానీ నిషిద్ధం."

"సైగ కూడానా?" అంది సాలోమి.

"సైగ కూడా."

జక్కరయ్య జీపెక్కి కూర్చుని చేతులు తొడల కింద పెట్టుకున్నాడు, పొరపాటున ఊపుతానేమోనని. అంతమంది అప్పగింతలు చూసిన ఊరు, వాయిద్యం లేని అప్పగింత ఎట్లా చూడాలో తెలియక కాసేపు నిలబడి ఇళ్లకు వెళ్లిపోయింది. సాలోమికి ఏడుపు రాలేదు. ఎవరైనా ఊదితేనే ఏడుపు వస్తుందేమో, ఊదేవాడు వెళ్తున్నాడాయె.

రికార్డింగు పశువుల ఆసుపత్రి షెడ్డులో పెట్టారు. వాన కోసం ఫైరింజను తెప్పించి రేకుల మీద నీళ్లు కొట్టించారు. ట్రంపెట్ ఆగిన చోట అందుకోవడం సాలోమికి అలవాటు. ట్రంపెటే లేకపోతే ఎక్కడ అందుకోవాలి? రేషను షాపులో పేర్లు పిలిచినట్టు పాటను ఒక్కో మాటే పలికి దించేసింది. అదైనా రేకుల మీద నీళ్ల మోతలో ఎవరికీ వినిపించలేదు. పక్కగదిలో సూది వేయించుకుంటున్న గేదె ఒకటి మధ్యలో అరిచింది. పరాంకుశం గారు కళ్లు మూసుకుని విని, "అద్భుతం. శోకం నిర్దేశిత ప్రమాణాలకు మించియున్నది," అన్నారు.

చార్టు రాసేది కూడా సంస్థే కాబట్టి పాట మొదటి స్థానానికి వెళ్లడంలో అడ్డంకులేమీ ఎదురు కాలేదు. అయినా అమ్మకాల లెక్క పద్ధతిగా ఉండాలని, బస్టాండుల్లో, కరెంటు బిల్లు కౌంటర్లలో, రిజిస్ట్రారు ఆఫీసుల్లో ఆ పాట వేయించి, లోపలికి వచ్చిన ప్రతి మనిషినీ ఒక రికార్డు కొన్నవాడి కింద రాశారు. కొత్తరేవు బస్టాండులో ఒక ముసలాయన, "ఈ గేదెకి ఏమైందో ఎవరన్నా చూడండయ్యా," అని కండక్టర్లను బతిమాలాడు. ఆయన్ను రెండు రికార్డులుగా రాసుకున్నారు.

పాట మొదటి స్థానంలో కూర్చున్నాక సాలోమి ఉతికిన చీర కట్టుకుని సంస్థ కార్యాలయానికి వెళ్లింది. వెళ్లేముందు జక్కరయ్య కోసం మంచం కూడా ఎండలో వేసి దులిపింది.

"అయ్యగారూ, ఐదో దశ అయిపోయింది. ఆరోది ఎప్పుడు?"

పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, ఆరవ దశ రద్దయినది."

"రద్దా?"

"వేల్స్ వారి విషయం పునఃపరిశీలించితిమి. ఆ నలుగురు మళ్లీ కలిసి చేసిన రికార్డు నలభై ఒకటవ స్థానానికి పడిపోయినది. కావున కలయిక విజయానికి హానికరం. విడిపోవుట లాభకరం. ప్రజాధనంతో సాధించిన ప్రథమ స్థానాన్ని మీ సొంత ఆనందం కోసం పణంగా పెట్టలేం కదా."

"మరి ఆయన?"

"ఆయన కృషి వలననే ఈ విజయం. గొర్రెలు కూడా పెరిగాయని పశుసంవర్ధక శాఖ ప్రశంసాపత్రం పంపింది."

సాలోమి తిరిగొచ్చి మంచం లోపల వేసుకుంది.

విజయం ఒకసారి లోపలికి వచ్చిందంటే, దానికి ఆకలెక్కువ. రెండో రికార్డు కావాలన్నారు. రెండో రికార్డుకు రెండో నిష్క్రమణ కావాలి. సాలోమి ముందుకు వచ్చింది.

"నన్ను పంపండి సార్. ఆ గుట్ట మీదకే."

దీనిమీద సంస్థ న్యాయ సలహాదారు అభిప్రాయం తీసుకుంది. పరాంకుశం గారు దాన్ని ఆమెకు ఓపిగ్గా వివరించారు. "మీరు అక్కడికి వెళ్లుట బ్యాండు లెక్కలో నిష్క్రమణ. కానీ మీ లెక్కలో కలయిక. ఒకే ఉత్తర్వు ద్వారా నిష్క్రమణ, కలయిక రెండూ జరిగినచో ఫలితాలు ఒకదానినొకటి రద్దు చేసుకొనును. పైగా మీరు చాలా సంతోషంగా కనబడుచున్నారు."

కరీముల్లాను పంపారు. అతను జీపెక్కుతూ, "వదినా, అన్నకి ఏమన్నా చెప్పమంటావా," అని గొణగబోయి, త్రివిక్రమాన్ని చూసి, ఆకాశం వైపు తిరిగి వాన వచ్చేట్టుందన్నాడు. మూడో రికార్డుకు మోషేను పంపారు. రెండు పాటలూ మొదటి స్థానానికే వెళ్లాయి. నిజానికి మొదటి మూడు స్థానాలూ వాళ్లవే అయ్యేసరికి, ఒకే బ్యాండుకు మూడు స్థానాలు ఇచ్చారన్న అపవాదు రాకూడదని మూడింటినీ మొదటి స్థానంలోనే ఉంచారు.

గొర్రెల కోసం రెండో గుట్టకు నిధులు మంజూరు కాలేదు గనుక ముగ్గురూ ఒకే గుట్ట మీద ఉన్నారు. విడిపోయినవాళ్లు విడిపోయినవాళ్లతో మాట్లాడకూడదని నియమాల్లో ఎక్కడా లేదు. జీపు డ్రైవరు సుభానీ అక్కడినుంచి వచ్చి చెప్పేవాడు.

"వేరుశెనక్కాయలు కాల్చుకుంటన్నారమ్మా. కరీముల్లా గొర్రెలకి పేర్లు పెట్టాడు. ఒకదాని పేరు పరాంకుశం. అదే ముందు నడుస్తది, యాడికో దానిక్కూడా తెలీదు."

"ఆయన?"

సుభానీ ఒక క్షణం చూసి, "మీతో చెబితే అది కబురు అవుద్దేమో అమ్మా," అని జీపు తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు బ్యాండంటే సాలోమి ఒక్కతే. పేరుమోసిన బ్యాండు. సన్మానాలకు పిలిచి వేదిక మీద నాలుగు కుర్చీలు వేసి, మూడింటి మీద శాలువాలు పరిచేవారు. ఇంట్లో బియ్యం చేత్తో తీస్తుంటే చెయ్యి తనంతట తాను ఎక్కువ తీసేది, మళ్లీ డబ్బాలో పోసేది. పక్కింటి తలుపు చప్పుడైతే "ఉన్నావా" అనేది పైకే. అతనికి ఆయాసం ఉంది. చలికాలం వస్తోంది. గుట్ట మీద ఎవరు కప్పుతారు? కరీముల్లా కప్పుతాడా, వాడు కప్పుకోవడమే మర్చిపోయే రకం. తను పోయేలోగా ఆ ముఖం మళ్లీ చూస్తుందో లేదో. ఈ ఒక్క భయం తప్ప ఆమెకు వేరే ధ్యాస లేకుండా పోయింది.

ఆ ధ్యాసలోనే ఒక సంగతి ఆమెకు అర్థమైంది. ఆమె ఏడిస్తే వాళ్లు తీసుకెళ్లారు. నవ్వితే పంపం అన్నారు. ఆమె మనసులో ఏముందో ముఖం మీద చూసి, దానికి ఎదురు వెళ్లడమే వాళ్ల పద్ధతి.

నాలుగో రికార్డు గురించి మాట్లాడడానికి పరాంకుశం గారు పిలిపించినప్పుడు ఆమె ముఖం కడుక్కుని, గోడలా పెట్టుకుని వెళ్లింది.

"అమ్మా, వార్షికోత్సవానికి మరో ప్రథమ స్థానం కావలెను. నిష్క్రమణ..." ఆయన అలవాటుగా చుట్టూ చూశారు. ఆమె తప్ప ఎవరూ లేరు.

"నేను మాత్రం పోను సార్," అంది సాలోమి.

"ఎందుకని?"

"నాకు ఇక్కడే బాగుంది. సన్మానాలు, శాలువాలు. ఆ గొర్రెల కంపు నాకు పడదు. ఆ మనిషి గురక అసలే పడదు. ఎన్నాళ్లకో నిద్రపోతన్నా." గొంతు వణకబోతే దగ్గింది. "అయినా నేను పోతే బ్యాండులో బాధపడడానికి ఎవరూ ఉండరు. బాధ లేకపోతే నిష్క్రమణ ఎట్టా చెల్లుద్ది? మీ రూలు మీరే పాడుచేసుకుంటారా?"

పరాంకుశం గారి ముఖం ఎర్రబడింది. రూలు పాడవుతుందన్న మాట ఆయన్ను ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆయన లేచి, కిటికీదాకా వెళ్లి, వెనక్కి వచ్చారు. త్రివిక్రమాన్ని పిలిచారు.

"రాసుకోవయ్యా. బ్యాండులో శోకించువారు లేనిచో, శోకాన్ని సంస్థ వహించును. సిబ్బంది అందరూ ఒక పూట శోకించవలెను. సెలవులో ఉన్నవారు తిరిగి వచ్చిన పిమ్మట శోకించవలెను."

"సార్, మరి అక్కడ భర్తగారు... కలయిక అవుతుందేమో," అన్నాడు త్రివిక్రమం.

"సభ్యులే లేని బ్యాండుకు కలయిక ఎట్లా సంభవించునయ్యా? అది సాంకేతికంగా అసాధ్యం. ఆమెను పంపండి. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పుచున్నది కదా."

సాలోమి చెంగు నోట్లో కుక్కుకుంది. ఎంత దుఃఖమో చూడమని పరాంకుశం గారు త్రివిక్రమానికి చూపించారు.

ఎవరూ లేని బ్యాండు చేత నాలుగో రికార్డు చేయించడంలో సంస్థకు ఏ ఇబ్బందీ రాలేదు. పశువుల ఆసుపత్రి షెడ్డులో మైకులు పెట్టి, నాలుగు వాయిద్యాలూ కుర్చీల మీద పెట్టి, తలుపులు మూసి, మిషను తిప్పారు. ఈసారి ఫైరింజను ఎక్కడో నిజంగా ఇల్లు తగలబడితే వెళ్లింది. గేదె కూడా లేదు. మూడు నిమిషాల సేపు మిషను శుభ్రంగా తిరిగింది.

జీపుకు తీరిక లేక, ఆ పాట విడుదలైన వారానికి గానీ సుభానీ సాలోమిని గుట్ట కింద దింపలేదు. పైకి నడిచేసరికి ఆమెకు ఊపిరందలేదు. ముగ్గురూ ఒక రాతి మీద వరసగా కూర్చుని ఉన్నారు. జక్కరయ్య చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. ఆమెను చూసి లేవబోయి, లేవొచ్చో లేదో తెలియక, సగం లేచి ఆగాడు.

"మాట్లాడొచ్చంట," అంది సాలోమి. "మనం ఎవరం కాదంట."

అతను నోరు తెరిచాడు. చాలా రోజులుగా దాచుకున్న మాటలన్నీ ఒకేసారి గుమ్మంలో ఇరుక్కున్నట్టున్నాయి. చివరికి, "దుప్పటి తెచ్చావా?" అన్నాడు.

"తెచ్చా."

మోషే జరిగి చోటిచ్చాడు. విజయాన్ని విడిపోయినవాళ్లు కూడా వినాలని సంస్థ ఇచ్చిన రేడియో ఆ రాతి మీదే ఉంది. ఈ వారం ప్రథమ స్థానం పొందిన గీతం అని గంభీరంగా చెప్పి, రేడియో ఆగింది. ఆగలేదు, పాట మొదలైంది. గాలి కూడా ఆ వేళకు పడిపోయింది. గొర్రెలు మేత ఆపి తలలెత్తాయి. రాష్ట్రంలోని బస్టాండులన్నిట్లోనూ జనం ఏమైందా అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండి ఉంటారు.

జక్కరయ్య తల పక్కకు వాల్చి శ్రద్ధగా విన్నాడు. కాసేపయ్యాక సాలోమి వైపు వంగాడు.

"నా భాగం బాగా వచ్చింది కదే?"

"ఏం బాగు," అంది సాలోమి, దుప్పటి అతని భుజాల మీద కప్పుతూ. "మరీ అంత సాగదీస్తే నేను యాడ అందుకోను?"

"ఉండు వదినా," అన్నాడు కరీముల్లా చెయ్యెత్తి, "ఇప్పుడు నా క్లారినెట్ వస్తది."

నలుగురూ నోరు మూసుకుని విన్నారు.